డజను నీళ్ల దీపాలు

సత్యవ్వ కొంగు అంటుకున్న సంగతి అందరికంటే ఆఖరున సత్యవ్వకే తెలిసింది.

"ఎవలింట్లనో పేలాలు మాడుతున్నయే పిల్లా, నీకు వాసనొస్తలేదా?" అంది, ఎల్లమ్మ పటం ముందు చేతులు జోడించి.

మాడుతున్నవి పేలాలు కావు, ఆమె ఒంటి మీది పేలికలు. కోడలు భూదేవి ఒళ్లో చాట ఎక్కడిదక్కడ విసిరేసి, చుట్టిన బీడీలు కాళ్లకింద నలుగుతున్నా చూడకుండా ఉరికి, బిందెడు నీళ్లు అత్త నెత్తిన గుమ్మరించింది. కొంగు ఆరింది. దీపం మాత్రం దొర్లుకుంటూ పోయి మూలనున్న తునికాకు కట్టల పక్కన ఆగింది. రెండు కట్టలు బుస్సుమన్నాయి. భూదేవి వాటి మీద తడిగోనె కప్పి, గోనె మీద తానే కూర్చుంది. కింద వేడి చల్లారేదాకా లేవలేదు.

"గిప్పుడెందుకు నీళ్లు పోసినవే? పొద్దుగాల్నే తానం చేసిన గద" అంది సత్యవ్వ నీళ్లోడుతూ.

"చెయ్యి జారింది అత్తా. ఊకో, చిన్నగ మాట్లాడు."

చిన్నగా మాట్లాడాల్సిన కారణం ఉంది. కోరుట్ల బీడీ కార్ఖానాలో గుమాస్తాకు ఈ కబురు చేరిందంటే రేపటి నుంచి ఆకు బంద్, తంబాకు బంద్. నిప్పు లేచిన ఇంటికి సరుకు ఇవ్వరు. ఇంట్లో నిప్పుంటే పని ఉండదు, పని లేకపోతే పొయ్యిలో నిప్పుండదు. భూదేవి కాలిన చీర ముక్కను, బూడిదైన ఆకును ఎరువు గుంతలో పూడ్చి పైన పేడ కప్పింది. పక్కింటి ఇంద్రమ్మకు కూడా చెప్పలేదు. ఇంద్రమ్మకు చెప్పకుండా భూదేవి దాచింది అప్పటిదాకా ఏదీ లేదు.

ఇక దీపం. సత్యవ్వ రెండు కళ్లకూ పొర కమ్మింది. వస్తువు కనబడదు, వెలుతురు కనబడుతుంది. మనవడు రాజేందర్ మస్కట్ విమానం ఎక్కిన నాటి నుంచి పొద్దుగూకగానే ఎల్లమ్మకు దీపం పెట్టందే ముసలామె బుక్క ముట్టదు. మనవడు చమురు దేశంలో, నాయనమ్మ చేతిలో చమురు గిన్నె.

"నేను వెలిగిస్త గదత్తా" అంటే, "వానికి మొక్కుకున్నది నేను. నా చెయ్యే వడాలె" అంటుంది.

సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే మొగుడు గంగారాంకు భూదేవి ఫోను చేసింది. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులో సగం మాటలు పోగు తెగిన దారంలా రాలిపోయాయి.

"మంట లేని దీపాలు దొరుకుతయంట, మా కాడ షావుకారి ఇంట్ల చూసిన. గవి కొనుక్కరా" అని అరిచాడు గంగారాం. "అమ్మకు అగ్గిపెట్టె దొరకనియ్యకు. నేను పైవారం అస్త."

*

మంగళవారం చుట్టిన బీడీలు అప్పజెప్పి, తడి ఆకు మూట నెత్తికెత్తుకుని, భూదేవి కోరుట్ల బజారులో చంద్రయ్య ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ముందు నిలబడింది.

"మంట లేని దీపాలున్నయా అన్నా?"

"మంట లేని దీపాలు మస్తున్నయ్ చెల్లె. మంట లేని మనుషులే దొరుకుతలేరు" అన్నాడు చంద్రయ్య, గల్లాపెట్టె మీది నుంచి లేవకుండానే.

మొదట మైనం పోత పోసినట్టున్న పొడుగాటి దీపం చూపించాడు. పైన ప్లాస్టిక్ నాలుక గాలి లేకపోయినా ఊగుతోంది. భూదేవి తిరగేసి అడుగు చూసింది. ఆవగింజంత మీట.

"మా అత్త వేలుకు గిది దొర్కదే. గోరుతోటి గీకవలె. గోరు ఇరుగుతది గాని దీపం వెలగది."

"అయితే గిది చూడు. వైరు వెట్టి నింపుకునుడే."

"కండ్లు కనవడని మనిషిని కరెంటు బోర్డుల వేలు వెట్టమంటవా? అగ్గిల కెళ్లి తీసి షాకుల వెట్టినట్టయితది."

"మరి రిమోటుది?"

"మా ఇంట్ల రిమోటు మా అత్త నోరే. ఇంకోటెందుకు?"

చంద్రయ్య నవ్వి, అడుగు అర లోంచి ఒక ప్యాకెట్టు తీశాడు. లోపల ప్రమిదల ఆకారంలో పన్నెండు ప్లాస్టిక్ దీపాలు. వత్తి ఉండాల్సిన చోట తెల్లని మొగ్గ. ఒకటి అరచేతిలో పెట్టుకుని, చాయ్ గ్లాసు కడిగిన నీళ్లు అందులో రెండు చుక్కలు వేశాడు. మొగ్గ చప్పున పసుపు వెలుతురుతో వెలిగింది. నీళ్లు విదిలించాడు. ఆరింది.

భూదేవి చూపు వెలుతురు మీద లేదు, చంద్రయ్య చెయ్యి మీద ఉంది. గిన్నె వంచి ప్రమిదలో పోయడం. అత్త రోజూ చేసే పనే. మీట వెతకనక్కర్లేదు, వైరు పట్టనక్కర్లేదు. నూనె పోసే చెయ్యి నీళ్లు పోస్తుంది, అంతే తేడా.

"గిండ్ల సెల్లు మార్చుడెట్ల?"

"మార్చుడు లేదు. లోపల్నే వెట్టి అతికిచ్చిండ్రు. ఎన్నొద్దులస్తే అన్నొద్దులు. మన పానం లెక్కనే."

"ఒక్కటియ్యి."

"ఒక్కటి ఇడిగ ఇయ్యరాదు చెల్లె. డజన్ ప్యాకెట్టు. ధర గూడ గీ నాలుగిట్ల గదే తక్కువ."

భూదేవి నెత్తిమీది మూట దించి, పన్నెండు దీపాలనూ గల్లాపెట్టె మీద వరుస పెట్టింది. ఒక్కొక్కదానిలో నీళ్లు పోసి చూసింది, అంచు వేలితో రుద్దింది, చెవి దగ్గర పెట్టి ఊపింది.

"ఆకు ఏరినట్టు ఏరుతున్నవేంది?"

"ఆకుల సూదిమొనంత బొర్ర ఉన్నా బీడీ ఆరుతదన్నా" అంది భూదేవి. పన్నెండూ వెలిగాయి. అన్నింటినీ కొంగుతో తుడిచి, మళ్లీ ప్యాకెట్టులో సర్ది, తడి ఆకు మధ్యన దాచుకుంది. ఎల్లమ్మకు ప్లాస్టిక్ దీపమా అని గల్లీ నోరు నొక్కుకుంటుంది. ఎందుకు కొన్నావంటే నిప్పు సంగతి బయటపడుతుంది. కార్ఖానా గుమాస్తా బామ్మర్ది తమ వీధి చివరే ఉంటాడు.

*

"నీళ్లు పోస్తె ఆరుతది గాని వెలుగుతదానే?" అంది సత్యవ్వ.

"నువ్వు పొయ్యి, చూడు."

సత్యవ్వ ఎడమచేత్తో ప్రమిద అంచు తడిమి, కుడిచేత్తో చెంబు వంచింది. పొర వెనక పసుపు చుక్క పుట్టింది. ముసలామె బోసినోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. వేలు పెట్టి మొగ్గను ముట్టుకుంది. కాలలేదు. మళ్లీ ముట్టుకుంది.

"సల్లగున్నదే! మా రాజేందర్‌గాడు ఎండల గోడలు గడుతున్నడు, వానికి సల్లటి దీపం మంచిదే." పక్కనున్న ప్యాకెట్టు తడిమి అడిగింది, "ఎన్నున్నయి?"

"పన్నెండు. ఒక్కటి సాలు. మిగిలినయి దాస్త."

"దాసుడెందుకే? ఉన్నదాన్ని వెట్టెల వెడితె ఏమొస్తది? మన గల్లీల పోరగాండ్లు ఎంతమంది వోయిండ్రు?"

వేళ్లు మడిచి తానే లెక్కపెట్టింది. వీసా వచ్చినవాడల్లా మీసం దువ్వుకుంటూ పోయిన గల్లీ అది. తాటిచెట్లెక్కే గౌండ్ల ఇళ్ల నుంచి చెట్టు దిగి విమానం ఎక్కినవాళ్లు పదకొండు మంది తేలారు. పదకొండు మందికి పదకొండు, ఎల్లమ్మకు ఒకటి. కొని తెచ్చినట్టు సరిపోయాయి.

"ఇది మా రాజేందర్‌ది. ఇది ఐలయ్య కొడుకు తిరుపతిది, కువైట్ల ఉన్నడు. ఇది ఇంద్రమ్మ కొడుకు మధుకర్‌ది..." పేరు పేరుకీ చెంబు వంచింది. పేరు పేరుకీ వెలుతురు లేచింది. గోడకు పదకొండు నీడలు కదిలాయి. కొద్దిసేపటికి ఒక్కొక్కటే ఎత్తి, వాకిట్లోకి వచ్చి, నీళ్లు మూలకు విసిరింది. "సల్లగుండు మధుకరా... సల్లగుండు తిరుపతీ..." విసిరినప్పుడల్లా ఒక వెలుతురు ఆరిపోయింది.

మోకాలెత్తు గోడకు అవతల ఇంద్రమ్మ బర్రెకు కుడితి పెడుతూ ఆగిపోయింది. చేతిలో తవుడు అలాగే ఉంది. సత్యవ్వ నోటి నుంచి తన కొడుకు పేరు విన్నది. నీళ్లు పడగానే ఏదో వెలగడం చూసింది. నీళ్లు విసరగానే ఆరడం చూసింది.

"భూదక్కా, పెద్దవ్వ ఏం జేస్తుందే?" అని గోడ మీది నుంచి అడిగింది.

"ఏం లేదే. మొక్కుతుంది" అంది భూదేవి, తలుపు దగ్గరికి వేస్తూ.

ఆ తలుపు వేయడమే తప్పయింది. తెరిచిన తలుపుకు ఒక్క కథే. మూసిన తలుపుకు ఎన్ని కళ్లుంటే అన్ని కథలు.

*

శుక్రవారం ఒక దీపం వెలగలేదు. భూదేవి ఊపింది, ఎండబెట్టింది, ఉప్పునీళ్లు పోసింది. మొగ్గ గుడ్డికన్నులా తెల్లగా ఉండిపోయింది. పోతే పోయిందని పక్కన పెట్టి పనిలో పడింది. సత్యవ్వ అలా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే బోరింగు దగ్గర, పది మంది బిందెలతో నిలబడి ఉండగా, గొంతు గుర్తుపట్టి ఇంద్రమ్మ భుజం మీద చెయ్యేసింది.

"బిడ్డా, మీ మధుకర్‌ది వెలుగుతలేదే. ఒక్కపారి ఫోన్ జెయ్యరాదు."

"ఏం వెలుగుతలేదు పెద్దవ్వా?"

"గదే, వాని దీపం. మిగిలినోల్లయన్ని మంచిగనే వెలుగుతున్నయ్."

పంపు కొట్టే చెయ్యి ఆగింది. ఎవరో బిందె పక్కకు జరుపుకున్నారు. భూదేవి పరిగెత్తుకొచ్చి అత్త రెక్క పట్టుకుని లాక్కుపోయింది. వెళ్తూ "పెద్దమనిషి, ఏదో అంటది" అంది గానీ ఆ మాట ఎవరి బిందెలోనూ పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం షార్జా నుంచి ఫోనొచ్చింది. మధుకర్ పరంజి మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాడు, తెలివిలో లేడు.

ఇంద్రమ్మ ఏడుపు గోడ దాటి వచ్చింది. భూదేవి చాట పక్కన పెట్టి గోడ దాటబోయింది. అవతల చుట్టాలు కూడి ఉన్నారు. ఆమె కాలు గోడ మీద ఉండగానే అందరూ ఒక్కసారి మాట ఆపారు. ఇంద్రమ్మ ఏడుపు కూడా ఆగింది. భూదేవి కాలు వెనక్కి తీసుకుంది.

ఆ సాయంత్రం ఇంద్రమ్మ అరుగు మీద బీడీలు చుట్టే ఏడుగురు ఆడవాళ్లూ చాటలు ఎత్తుకుని వీధి అవతలికి మారారు. సోమవారం పొద్దున వాకిట్లో సగం కోసిన నిమ్మకాయ ఉంది. ఎర్రని పొడి పూసి ఉంది. భూదేవి దాన్ని చీపురుతో మోరీలోకి తోసి, తర్వాత చీపురు చివర చూసుకుంది. ఎందుకు చూసుకుందో తనకే తెలియలేదు. మోరీ అవతల నిలబడ్డ పిల్లల్ని వాళ్ల తల్లులు పేరు పెట్టి పిలవలేదు, చెయ్యి పట్టి లాక్కెళ్లారు. సత్యవ్వ వినేట్టు ఆ గల్లీలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు.

"గల్లీ ఇంత సప్పుడు లేకుంటున్నదేందే? ఎవలన్న వోయిండ్రా?" అంది సత్యవ్వ.

పది గంటలకు ఐలయ్య వచ్చాడు. గల్లీ కమిటీకి పెద్ద. ఎప్పుడూ వచ్చి గద్దె మీద కూర్చుని, చాయ్ అడిగి తాగే మనిషి. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మాపటికి కమిటీ కూసుంటది భూదేవీ. మీ అత్తను తీస్కరా."

"ఎందుకు మామా?"

"ఎందుకో నీకు ఎరుకే. గంగారాం ఉంటే గాయనతోని మాట్లాడుతుంటి. లేకపాయె." పోతూ పోతూ వెనక్కి తిరగకుండా అన్నాడు, "రాకుంటె మందే ఇంటికొస్తరు. గది మంచిగుండది."

*

కమిటీ రేకుల షెడ్డులో మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు బయట. నాలుగు గంటల ఎండ రేకుల్ని కాలుస్తోంది. సత్యవ్వను నడిమధ్య పీట మీద కూర్చోబెట్టి, భూదేవి పక్కన నిలబడింది. చేతిలో గుడ్డసంచి, చంకలో నీళ్ల బిందె, దాని మూతి మీద చెంబు.

"మంత్రాలు నేర్సిన ముసల్దానికి ముందుగాల పండ్లు ఊడవీకాలె. నోరు దిరుగకుంటె మంత్రం పారది" అని వెనక నుంచి ఒక గొంతు.

సత్యవ్వ తల అటు తిప్పింది. "ఎవల పండ్లురా? నాయి ఊడి ఏడేండ్లాయె. ముందుగాల పెట్టియ్యి, అటెన్క పీకుదువు గని."

నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వనివాళ్లను భూదేవి లెక్కపెట్టింది. ఎక్కువ మందే ఉన్నారు.

ఆమె సంచి విప్పి దీపాలన్నీ నేల మీద వరుస పెట్టింది. "చూడుండ్రి. మంత్రం లేదు, తంత్రం లేదు. కోరుట్లల చంద్రయ్య దుకాన్ల కొనుక్కొచ్చిన. లోపల గడియారంల వెట్టే సెల్లుంటది. నీళ్లు తగిలితె వెలుగుతది. మామా, నువ్వే పొయ్యి."

ఐలయ్య వంగాడు. చెయ్యి చాపి, ఒక్క క్షణం ఆగి, చెంబు తీసుకుని దూరం నుంచి పోశాడు. అతని చేతి కింద దీపం వెలిగింది. షెడ్డులో ఊపిర్లు వదిలిన చప్పుడు. ఇంకొకడు పోశాడు. వెలిగింది. బయట ఆడవాళ్లు మెడలు చాచారు.

"గంతే" అంది భూదేవి. "దీనికి పేరు ఎరుకలే, ఊరు ఎరుకలే. మా అత్తకు కండ్లు కనవడవు, మొన్న నూనె దీపం తోటి కొంగు అంటుకున్నది. రెండు ఆకు కట్టలు గాలినయ్. కార్ఖానల తెలుస్తదని బుగులుకు దాసిన. దాసుడు నా తప్పే. తిడితె నన్ను దిట్టుండ్రి."

చెప్పేసింది. ఇక ఆకు పోయినా పోవచ్చు. నిజం చెప్పాక ఒళ్లు తేలికవుతుందంటారు. ఐలయ్య కింద పెట్టిన దీపం వైపే చూస్తున్నాడు.

"మరి మధుకర్‌ది ఎందుకు ఆరింది?"

"సెల్లు పాడయింది మామా."

"పాడైతది. ఒప్పుకుంట. పన్నెండిట్ల గా పోరనిదే ఎందుకు పాడయింది? గా పొద్దే ఎందుకు పాడయింది?"

భూదేవి ఆరిన దీపాన్ని ఎత్తి, కోరుట్ల దుకాణంలో ఊపినట్టే చెవి దగ్గర పెట్టి ఊపింది. 

బయటి నుంచి ఇంద్రమ్మ లోపలికి వచ్చింది. ఒక్కరోజులో మనిషి సగమైంది. పొద్దుటి నుంచి జగిత్యాలలో వీసా ఇప్పించిన ఏజెంటు ఆఫీసు ముందు కూర్చుని అప్పుడే బస్సు దిగింది. మూసిన షట్టరు చూసి వచ్చింది. తిన్నగా వచ్చి సత్యవ్వ ముందు కూలబడింది. భూదేవి అడ్డం జరిగింది, కొడుతుందేమోనని.

"పెద్దవ్వ నా కొడుకును పడగొట్టలే" అంది ఇంద్రమ్మ. "శెనివారమే జెప్పింది, ఫోన్ జెయ్యి బిడ్డా అని. నేనే చెయ్యలే. చేస్తె, ఇయ్యాల పనికి పోకు కొడుకా అంటుంటి. ముందుగాల్నే జెప్పిందే పెద్దవ్వ. నేనే ఇనలే."

 అప్పుడు బయట ఒక గొంతు, బాలలక్ష్మిది, పెళ్లయిన రెండో నెలకే మొగుణ్ణి ఖతర్ పంపినామె, మెల్లిగా అడిగింది. "అవ్వా, గిండ్ల మాయన దేది?"

ఇంకొకామె అడిగింది. మరొకామె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కాసేపటి కింద పళ్లు పీకాలన్న మనిషే వంగి, తన తమ్ముడి దీపం ఏదో చూపించమని భూదేవిని అడిగాడు. భూదేవి చెప్పిన నిజాన్ని అందరూ విన్నారు. విని, పళ్లెం అంచుకు కరివేపాకు తోసినట్టు తోసేశారు.

ఐలయ్య తీర్పు చెప్పాడు. "దినాం పొద్దూకంగనే దీపాలు వెట్టాలె. తలుపు తెరిచి వెట్టాలె. ఎవలిది వాల్లొచ్చి చూస్కుంటరు. గుర్తులు వెట్టుకోరి." తర్వాత భూదేవి వైపు తిరిగాడు. "వెలిగిచ్చుడు మీ ఇంటి పని. ఆరిందనుకో... ఆరద్దు."

దండించడానికి పిలిచిన కమిటీ దండం పెట్టి లేచింది. భూదేవికి మాత్రం నిమ్మకాయ వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది.

*

ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకున్నారు. ఐలయ్య తన కొడుకు తిరుపతి దీపానికి ఎర్రని కుంకుమ బొట్టు పెట్టాడు. బాలలక్ష్మి గాజు ముక్క అతికించింది. మధుకర్ దీపం పాడైంది కాబట్టి సత్యవ్వ ఎల్లమ్మ దీపాన్ని తీసి ఇంద్రమ్మకిచ్చింది. "ఎల్లమ్మ తల్లికి ఎయ్యి కండ్లు. గుడ్డిదాన్ని నేను బతుకుతలేనా, గామె బతుకదా?" అంది. పన్నెండో దీపం అలా ఖర్చయింది. భూదేవి రాజేందర్ దీపం మెడకు బీడీ కట్టే ఎర్రదారం చుట్టింది.

సాయంత్రాలు ఇంటి నిండా మంది. ఒకరు పూలు, ఒకరు బెల్లం. కార్ఖానా గుమాస్తా బామ్మర్ది కూడా వచ్చాడు, అతని అల్లుడిదీ ఒక దీపమే. ఆకు ఆగలేదు సరికదా ముందుకంటే మంచి ఆకు వస్తోంది. సత్యవ్వ ముఖం వెలిగిపోతోంది. ఇదివరకు కాసేపటికే నీళ్లు విసిరేది. ఇప్పుడు చివరి మనిషి వచ్చి చూసి వెళ్లేదాకా దీపాలు వెలగాల్సిందే. రెండు గంటలు, మూడు గంటలు. మంది దీపాల్ని చూస్తుంటే భూదేవి గడియారాన్ని చూసేది.

బుధవారం కోరుట్లకు పోయింది.

"అయిపోయినయ్ చెల్లె. గవి పండుగ మాలు" అన్నాడు చంద్రయ్య. "జగిత్యాల హోల్‌సేల్ల గూడ లెవ్వు. కావాలంటే పచ్చరంగుయి, చుక్కలున్నయి, వస్తయ్. ఏంది, గప్పుడే ఆరినయా?"

"ఇంక ఆరలే" అంది భూదేవి. పచ్చవి తీసుకోలేదు. గల్లీ అంతా తమ తమ దీపాల్ని కన్నబిడ్డల్లా గుర్తుపడుతుంది. పిల్లల్ని మార్చి తెచ్చానంటే ఊరుకుంటుందా?

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం తలుపు వేసి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క చుక్క వేసి చూసుకునేది. శుక్రవారం నాడు, బొట్టు పెట్టిన దీపం సగం వెలిగింది. ఉడుకుబోతు పిల్లాడిలా రెండుసార్లు మిణుకుమంది. ఆరిపోయింది. ఐలయ్య కొడుకుది.

చుక్క వేసింది. చెంబెడు పోసింది. కొంగుతో ఒత్తి, ఊది, ఎండకు పెట్టింది. పొద్దు గోడ మీది నుంచి జారుతోంది. ఇంకో గంటలో ఐలయ్య వస్తాడు. మందికంటే ముందొచ్చి, కొడుకు దీపం దగ్గర కూర్చుని, అందరికంటే ఆఖరున లేస్తాడు.

మిగిలినవి పది. బాలలక్ష్మిది, గుమాస్తా బామ్మర్దిది, ఇంద్రమ్మది... ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి తీసింది. ప్రతిదాని వెనకా ఒక ఆడమనిషి చెప్పులు విడుస్తోంది. ఎవరినీ అడగక్కర్లేకుండా తీసుకోగలిగింది ఒక్కటే ఉంది.

ప్లాస్టిక్కే కదా. పన్నెండు ఒక్క అచ్చులో పోసినవే కదా. ఏ దీపానికీ తల్లి లేదు, తండ్రి లేడు. ఇవన్నీ ఆమె కమిటీ ముందు చెప్పిన మాటలే. ఇప్పుడు తనకు తానే చెప్పుకుంది. చెప్పుకుంటూనే కొంగు చివర తడిపి, ఆరిన దీపం మీది బొట్టు తుడిచింది. తుడవగానే మొహం పక్కకు తిప్పుకుంది. ఆ బొట్టు ఎవరి నుదుటిదో అయినట్టు.

భరిణెలోంచి కుంకుమ తీసి రాజేందర్ దీపానికి పెట్టింది. తర్వాత దాని మెడ దారం విప్పబోయింది. రోజుకు వెయ్యి బీడీలకు ముడి వేసే వేళ్లకు ఒక్క ముడి విప్పడం చేతకాలేదు. పళ్లతో తెంపింది. ఆరిన దీపానికి కట్టింది.

"మనోనిది ఎలుగుతుందా బిడ్డా?" అంది సత్యవ్వ, నులకమంచం మీది నుంచి.

"ఎలుగుతది అత్తా" అంది భూదేవి.

*

సత్యవ్వ పేరు పేరుకీ చెంబు వంచింది. తిరుపతికి వెలిగింది. మధుకర్‌కు వెలిగింది. వరుస చివర రాజేందర్ అని పోసిన చోట వెలుతురు లేవలేదు. ముసలామె మళ్లీ పోసింది. నీళ్లు అంచు దాటి నేల మీదికి పారాయి.

"పిల్లా..." అంది సత్యవ్వ. 

ఇల్లంతా నిండి ఉంది. అందరి కళ్లూ ఎర్రదారం కట్టిన దీపం మీదికి, అక్కణ్ణుంచి భూదేవి మీదికి వచ్చాయి. వాటిలో కోపం లేదు. జాలి ఉంది, ఆ జాలి వెనక మనది కాదులే అన్న నిమ్మళం ఉంది. ఐలయ్య తన కొడుకు దీపాన్ని కళ్లకద్దుకుని అన్నాడు, "ఫోన్ జెయ్యి భూదేవీ. ఇంద్రమ్మ చేసిన తప్పు నువ్వు చెయ్యకు."

చేయకపోతే అనుమానం. చేస్తే... చేస్తే ఏమవుతుంది? అది సెల్లే కదా. భూదేవి ఫోను నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల గంట మోగుతోంది. ఒకటి. రెండు. వింటున్నవాళ్లంతా ఊపిరి బిగబట్టారు. ఆరు. ఏడు. భూదేవి ఫోను ఇంకో చేతికి మార్చుకుంది. ఇంద్రమ్మ ఆ చెయ్యి పట్టుకోవడానికి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. భూదేవి కొంగు చివర ఎర్రటి తడి మరక ఉంది. ఇంద్రమ్మ ఆ మరక చూసింది. ఐలయ్య చేతిలో ఇంకా తడి ఆరని బొట్టు చూసింది. చూసి, భూదేవి కొంగు లోపలికి మడిచి, నడుములో దోపింది. 

"ఏందమ్మా గిప్పుడు జేసినవ్? డ్యూటీల ఉన్న" అన్నాడు రాజేందర్. వెనక ఏదో యంత్రం రొద.

"మంచిగున్నవా కొడుకా?"

"మంచిగనే ఉన్న. నాలుగో అంతస్తు మీదున్న, సిగ్నల్ వస్తలేదు. రూముకు వొయినంక జేస్త."

ఫోను ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో "ఎల్లమ్మ తల్లీ" అన్నారు. సత్యవ్వ కళ్లు తుడుచుకుంది. భూదేవికి నవ్వొచ్చింది కూడా. చూశారా, సెల్లే అని నేను ముందే చెప్పలేదా అనబోయింది.

ఐలయ్య చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగాడు. మంచి మాట చెబుతున్న పెద్దమనిషిలాగే చెప్పాడు.

"ఇయ్యాలయితే మంచిగనే ఉన్నడు. మధుకర్ గూడ దీపమారినంక రెండొద్దులు మంచిగనే ఉండె. ఇంకో రెండొద్దులు పైలం."

ఒక్కొక్కరే లేచి వెళ్లారు. ఆఖరున ఇంద్రమ్మ వెళ్లింది, తలుపు తీసే ఉంచి. భూదేవి పది వెలుతురుల ముందు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శుక్రవారం. శనివారం, ఆదివారం. ఆకు కత్తిరించింది. తంబాకు పోసింది. చుట్టింది, మూతి మడిచింది. ఎర్రదారం వేలికి చుట్టుకుంది గానీ ముడి వేయడానికి చెయ్యి రాలేదు.